తమ్ముడిని బలి తీసుకున్న పేలుడు.. ఆల్ఫ్రెడ్ నోబెల్ ఆగలేదు! చిప్‌లో పేలే సిలికాన్‌కి, డైనమైట్‌కి లింకేంటంటే..

ఫోన్ పేలింది అనే వార్త మన సైట్‌లో నెలకోసారైనా కనిపిస్తుంది. దాదాపు ప్రతిసారీ అందులో దోషి బ్యాటరీనే. లోపలుండే సిలికాన్ చిప్ వేడెక్కుతుంది, స్లో అవుతుంది, ఆఖరికి చచ్చిపోతుంది. అంతేగానీ బాంబులా పేలదు. మామూలు సిలికాన్ అంత సాధువైన పదార్థం మరొకటి ఉండదు.

కానీ ల్యాబ్‌లో మాత్రం సిలికాన్ నిజంగానే పేలింది. 2001లో జర్మనీలోని మ్యూనిచ్‌లో పరిశోధకులు, కంటికి కనిపించని రంధ్రాలున్న సిలికాన్‌ను బాగా చల్లబరిచి, ఆ రంధ్రాల్లోకి ఆక్సిజన్ చేరేలా చేశారు. ఒక్కసారిగా ఢామ్మంది. ఆ తర్వాతి ఏడాది అమెరికాలోని శాన్ డియాగోలో ఇంకో టీమ్‌కి ఇలాంటి అనుభవమే ఎదురైంది. రంధ్రాల్లో గాడోలినియం నైట్రేట్ అనే లవణం నింపిన సిలికాన్ ముక్కను వజ్రపు మొన ఉన్న పనిముట్టుతో గీస్తుంటే అది టప్పున పేలింది. ఇది అనుకోకుండా జరిగింది. ఆ చిన్న పేలుడే ఓ కొత్త పరిశోధనకు దారి తీసింది.

ఇక్కడ అసలు కిటుకు ఏంటంటే.. సన్నటి రంధ్రాలున్న ఓ పదార్థం తీసుకోవాలి. ఆ రంధ్రాల్లో ప్రమాదకరమైనది నింపాలి. మనం చెప్పేదాకా అది నోరు మూసుకుని ఉండాలి, చెప్పగానే పేలాలి. వినడానికి కొత్తగా ఉంది కదా? కానీ ఇదే ఆలోచనతో 150 ఏళ్ల కిందటే ఒకాయన ప్రపంచాన్ని మార్చేశారు. ఆయనే ఆల్ఫ్రెడ్ నోబెల్. ఏటా అక్టోబర్‌లో బహుమతుల పేరుతో మనం తలుచుకునే ఆయన వర్ధంతి డిసెంబర్ 10. ప్రైజ్ గురించి అందరికీ తెలుసు. ఆ ప్రైజ్ వెనకున్న మనిషి ఏం పోగొట్టుకున్నారో చాలామందికి తెలియదు.

దివాలా తీసిన ఇంట్లో పుట్టారు

1833 అక్టోబర్ 21న స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఆల్ఫ్రెడ్ పుట్టారు. తండ్రి ఇమ్మాన్యుయేల్ నోబెల్ ఇంజనీర్, కొత్త కొత్త యంత్రాలు కనిపెట్టే రకం. తల్లి పేరు ఆండ్రియెట్. ఆల్ఫ్రెడ్ పుట్టిన ఏడాదే తండ్రి వ్యాపారం దివాలా తీసింది. అప్పులవాళ్ల బాధ పడలేక ఇమ్మాన్యుయేల్ కొన్నాళ్లకు ఫిన్లాండ్‌కి, అక్కడి నుంచి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి వెళ్లిపోయారు. ఇక్కడ పిల్లల్ని సాకే భారం తల్లి మీదే పడింది. ఆల్ఫ్రెడ్‌కి చిన్నప్పటి నుంచీ ఆరోగ్యం అంతంత మాత్రమే.

రష్యాలో తండ్రి దశ తిరిగింది. సముద్రంలో శత్రు ఓడల్ని అడ్డుకునే మైన్లను తయారు చేసి రష్యా సైన్యానికి అమ్మారు. 1842లో కుటుంబం మొత్తం అక్కడికి చేరింది. డబ్బు రావడంతో పిల్లలకు ఇంట్లోనే మంచి టీచర్లను పెట్టి చదివించారు. పదిహేడేళ్లు వచ్చేసరికి ఆల్ఫ్రెడ్‌కి స్వీడిష్, రష్యన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్, జర్మన్ భాషలు వచ్చేశాయి. కెమిస్ట్రీ అంటే ఎంత ఇష్టమో, ఇంగ్లిష్ కవిత్వం అన్నా అంతే ఇష్టం. సొంతంగా కవితలు కూడా రాసుకునేవారు. కొడుకు కవి అయిపోతాడేమోనని తండ్రికి బెంగ. దాంతో కెమిస్ట్రీ నేర్చుకు రమ్మని విదేశాలకు పంపించారు. పారిస్‌లో పెలూజ్ అనే పేరున్న కెమిస్ట్ ల్యాబ్‌లో ఆల్ఫ్రెడ్ పని చేశారు.

ఆ పెలూజ్ దగ్గరే అంతకుముందు చదువుకున్న ఇటలీ కెమిస్ట్ అస్కానియో సొబ్రెరో 1847లో ఓ ద్రవాన్ని తయారు చేశారు. దాని పేరు నైట్రోగ్లిజరిన్. చూడటానికి నూనెలా ఉంటుంది. గన్‌పౌడర్ దాని ముందు ఏ మూలకీ సరిపోదు. అయితే అది ఎప్పుడు పేలుతుందో ఎవరికీ తెలియదు. పేలుడులో సొబ్రెరో ముఖానికే గాయాలయ్యాయి. దీన్ని ఎవరూ వాడకపోవడమే మంచిదని ఆయన భయపడ్డారు.

ఆల్ఫ్రెడ్ మాత్రం ఇంకోలా ఆలోచించారు. దీన్ని అదుపులో పెట్టగలిగితే కొండల్ని తొలచొచ్చు కదా అనుకున్నారు.

చిన్న పేలుడుతో పెద్ద పేలుడు

క్రిమియా యుద్ధం 1856లో ముగిసింది. రష్యా సైన్యం ఆర్డర్లు ఆపేసింది. 1859లో తండ్రి మళ్లీ దివాలా తీశారు. తల్లిదండ్రులు, చిన్న తమ్ముడు ఎమిల్ స్వీడన్‌కి తిరిగొచ్చేశారు. అన్నలు రాబర్ట్, లుడ్విగ్ రష్యాలోనే ఉండిపోయారు. 1863లో ఆల్ఫ్రెడ్ కూడా స్టాక్‌హోమ్ చేరి, తండ్రి, తమ్ముడితో కలిసి నైట్రోగ్లిజరిన్ మీద పని మొదలుపెట్టారు.

ఆ ద్రవంతో వచ్చే చిక్కు విచిత్రమైనది. వద్దన్నప్పుడు పేలుతుంది, కావాలన్నప్పుడు పేలదు. ఒత్తికి నిప్పంటించి పెడితే కొన్నిసార్లు ఊరికే మండి ఊరుకుంటుంది. వేడి కంటే దానికి గట్టి దెబ్బ కావాలని ఆల్ఫ్రెడ్ కనిపెట్టారు. నైట్రోగ్లిజరిన్‌లో కొద్దిపాటి గన్‌పౌడర్ ఉన్న చిన్న గొట్టాన్ని పెట్టి ముందు దాన్ని పేల్చారు. ఆ దెబ్బకి చుట్టూ ఉన్న ద్రవమంతా ఒకేసారి పేలింది. 1863లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. తర్వాత గన్‌పౌడర్ బదులు మెర్క్యురీ ఫల్మినేట్ నింపిన లోహపు గొట్టం వాడారు.

అదే డిటోనేటర్. మన దగ్గర క్వారీల వార్తల్లో, సింగరేణి గనుల వార్తల్లో తరచూ వినే మాట. డైనమైట్ కంటే ఇదే ఆయన అసలు గొప్ప ఆవిష్కరణ అనేవాళ్లూ ఉన్నారు.

1864 సెప్టెంబర్ 3

ఆ రోజు స్టాక్‌హోమ్‌లోని హెలెనెబోర్గ్ అనే చోట నోబెల్ కుటుంబం షెడ్డు ఒక్కసారిగా పేలిపోయింది. అందులో నైట్రోగ్లిజరిన్ తయారు చేస్తున్నారు. తమ్ముడు ఎమిల్ అక్కడికక్కడే చనిపోయాడు. అతనికి ఇంకా 21 కూడా నిండలేదు. అతనితో పాటు మరికొందరు కూడా ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో ఆ దారిన పోతున్న మనిషి కూడా ఉన్నాడు. వాళ్లెవరి పేర్లూ ఈ రోజు పెద్దగా ఎవరికీ గుర్తు లేవు.

ఆ తర్వాత తండ్రికి పక్షవాతం వచ్చింది. ఆయన మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. నగరంలో ఈ ప్రయోగాలు చేయకూడదని అధికారులు నిషేధం పెట్టారు.

ఎవరైనా ఇక్కడితో ఆపేస్తారు. ఆల్ఫ్రెడ్ ఆపలేదు. మెలారెన్ సరస్సులో ఓ పడవను లంగరేసి, దాని మీదే నైట్రోగ్లిజరిన్ తయారు చేయడం మొదలుపెట్టారు. ప్రమాదం జరిగిన రెండు నెలల్లోపే కంపెనీ కూడా పెట్టేశారు. ఇది పట్టుదలా, మొండితనమా, లేక తమ్ముడి చావు ఊరికే పోకూడదన్న ఆరాటమా? ఎలా చూసినా ఒక్కటి మాత్రం నిజం. ఆ రోజు తర్వాత ఆయన పనంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. దీన్ని పేలకుండా ఎలా ఉంచాలి?

ఎందుకంటే ప్రమాదాలు ఆగలేదు. గనుల్లో, రైల్వే పనుల్లో నైట్రోగ్లిజరిన్‌కి గిరాకీ పెరిగింది. డబ్బాల్లో పోసి ఓడల్లో దేశదేశాలకు పంపేవారు. అది కారిపోయేది. చలికి గడ్డకట్టేది, దాన్ని కరిగించబోతే పేలేది. 1866 ఏప్రిల్‌లో పనామా తీరంలో సరుకు దించుతున్న ఓడలో పేలుడు జరిగి పదుల సంఖ్యలో చనిపోయారు. అదే నెలలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో కారుతున్న పెట్టెను తెరవబోతే మరో పేలుడు. అక్కడ పదిమందికి పైగా మృతి. జర్మనీలో హాంబర్గ్ దగ్గర క్రుమ్మెల్‌లో ఆయన పెట్టుకున్న ఫ్యాక్టరీ కూడా ఆ ఏడాదే పేలుడులో ధ్వంసమైంది. కొన్ని దేశాలు నైట్రోగ్లిజరిన్‌ని అడుగు పెట్టనివ్వబోమనే దాకా వెళ్లాయి.

నది ఒడ్డున దొరికిన జవాబు

ద్రవంగా ఉన్నంతకాలం ఈ తలనొప్పి తప్పదని ఆల్ఫ్రెడ్‌కి అర్థమైంది. దాన్ని దేనికైనా పీల్పించాలి. బొగ్గుపొడి, రంపపు పొట్టు, ఇటుక పొడి, సిమెంట్.. దొరికిందల్లా కలిపి చూశారు. చివరికి క్రుమ్మెల్ ఫ్యాక్టరీ దగ్గర్లోనే, ఎల్బ్ నది ప్రాంతంలో దొరికే తెల్లటి తేలికైన మట్టి పనికొచ్చింది. దాని పేరు కీసెల్గూర్.

ఇది మామూలు మట్టి కాదు. నీళ్లలో బతికే డయాటమ్ అనే అతి చిన్న నాచు జీవులుంటాయి. వాటి ఒంటి చుట్టూ గాజులాంటి పెంకు ఉంటుంది. ఆ పెంకు నిండా రంధ్రాలే. అవి చచ్చాక ఆ పెంకులు అడుగున పేరుకుని, వేల ఏళ్లకు మట్టిలా మారతాయి. ఆ పెంకు సిలికా. అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం. ఇసుకలో ఉండేదీ అదే, చిప్ తయారీకి మూలమూ అదే. ఈ మట్టి తన బరువుకి మూడింతల నైట్రోగ్లిజరిన్‌ని పీల్చుకుంటుంది. అయినా ముద్దలా ఉంటుంది. కాగితంలో చుట్టి కడ్డీల్లా చేయొచ్చు. కింద పడితే పేలదు, డిటోనేటర్ పెడితే మాత్రం పేలుతుంది.

నైట్రోగ్లిజరిన్ డబ్బా కారి, ప్యాకింగ్ కోసం పెట్టిన మట్టిలో కలిసిపోతే అనుకోకుండా డైనమైట్ పుట్టిందనే కథ ఒకటి చాలా చోట్ల కనిపిస్తుంది. ఆల్ఫ్రెడ్ దాన్ని ఒప్పుకోలేదు. వరసగా ప్రయోగాలు చేసి, వెతికి పట్టుకున్నానన్నదే ఆయన మాట. 1867లో పేటెంట్ తీసుకుని, శక్తి అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి దానికి డైనమైట్ అని పేరు పెట్టారు.

ఆ తర్వాత ఇక తిరుగులేదు. ఆల్ప్స్ పర్వతాల్లో గొట్థార్డ్ రైలు సొరంగం తవ్వడానికి డైనమైటే వాడారు. ఎక్కడ కొండ అడ్డొచ్చినా, గని తవ్వాలన్నా అదే కావాలి. డైనమైట్‌కీ లోపాలున్నాయి. నీళ్లు తగిలితే నైట్రోగ్లిజరిన్ బయటికి వచ్చేసేది. మట్టి కలవడం వల్ల బలం కూడా కొంచెం తగ్గేది. దాంతో 1875లో నైట్రోగ్లిజరిన్‌ని నైట్రోసెల్యులోజ్‌తో కలిపి జెల్లీ లాంటి కొత్త పేలుడు పదార్థం చేశారు. అదే బ్లాస్టింగ్ జిలెటిన్. మన పోలీసులు పట్టుకున్నారని వార్తల్లో చదివే జిలెటిన్ స్టిక్స్ ఆ కుటుంబానికి చెందినవే.

డబ్బుంది, ఇల్లు లేదు

ఆయన పేరు మీద మొత్తం 355 పేటెంట్లున్నాయి. 20కి పైగా దేశాల్లో దాదాపు 90 ఫ్యాక్టరీలు, ల్యాబ్‌లు. ఎప్పుడూ రైళ్లలో, ఓడల్లో తిరుగుతూనే ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. పిల్లల్లేరు. 1873 నుంచి పారిస్‌లో పెద్ద ఇల్లు ఉన్నా, అందులో ఎక్కువగా ఒంటరిగానే గడిపారు. తల్లి అంటే మాత్రం ప్రాణం. 1889లో ఆమె చనిపోయే దాకా ఆ బంధం అలాగే ఉంది.

1876లో బెర్తా కిన్‌స్కీ అనే ఆస్ట్రియా యువతి ఆయన దగ్గర సెక్రటరీగా చేరారు. కొద్దిరోజులకే తిరిగెళ్లి, ప్రేమించిన వ్యక్తిని పెళ్లి చేసుకుని బెర్తా ఫాన్ సుట్‌నర్ అయ్యారు. తర్వాత ఆమె యుద్ధాలకు వ్యతిరేకంగా పుస్తకం రాసి యూరప్ అంతటా పేరు తెచ్చుకున్నారు. ఇద్దరి మధ్య ఉత్తరాలు ఆయన చనిపోయేదాకా నడిచాయి. ఆయుధాలు చాలా భయంకరంగా మారితే దేశాలే యుద్ధాలు మానేస్తాయని ఆల్ఫ్రెడ్ నమ్మకం. ఆయుధాలనే తగ్గించాలని బెర్తా వాదన. తర్వాత జరిగిన రెండు ప్రపంచ యుద్ధాలు చూస్తే ఎవరి అంచనా తప్పిందో చెప్పక్కర్లేదు.

ఇందులో దాచాల్సిందేమీ లేదు. ఆల్ఫ్రెడ్ కేవలం సొరంగాల కోసమే పని చేయలేదు. 1887లో బాలిస్టైట్ అనే పొగరాని గన్‌పౌడర్ తయారు చేశారు. అది తుపాకుల కోసమే. దాన్ని ఇటలీకి అమ్మడంతో ఫ్రాన్స్‌లో దుమారం రేగింది. 1891లో పారిస్ వదిలి ఇటలీలోని శాన్ రెమోకి మకాం మార్చాల్సి వచ్చింది. 1894లో స్వీడన్‌లోని బోఫోర్స్ కంపెనీని కొన్నారు. అవును, మన దేశ రాజకీయాల్లో దశాబ్దాల పాటు వినిపించిన ఆ బోఫోర్సే.

వీలునామా

1888లో అన్న లుడ్విగ్ ఫ్రాన్స్‌లోని కాన్‌లో చనిపోయారు. చనిపోయింది డైనమైట్ నోబెల్ అనుకుని ఓ ఫ్రెంచ్ పత్రిక ఆయన్ని తక్కువ చేస్తూ వార్త వేసింది. బతికుండగానే తన చావు వార్త చదివి మనసు మార్చుకుని నోబెల్ ప్రైజ్ పెట్టారన్నది సోషల్ మీడియాలో బాగా తిరిగే కథ. ఆ వార్త ఆయన్ని బాధపెట్టి ఉండొచ్చు. కానీ చివరి వీలునామా మీద సంతకం చేసింది ఏడేళ్ల తర్వాత, 1895 నవంబర్ 27న. అది ఒక్క రోజులో తీసుకున్న నిర్ణయం కాదు.

లాయర్ సాయం లేకుండానే ఆ వీలునామా రాసుకున్నారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, వైద్యం, సాహిత్యం, శాంతి. ఈ ఐదు రంగాల్లో మనుషులకు ఎక్కువ మేలు చేసిన వాళ్లకు, ఏ దేశం వాళ్లన్నది చూడకుండా, తన ఆస్తి మీద వచ్చే రాబడి పంచాలని అందులో ఉంది. చివరి రోజుల్లో గుండె జబ్బుకి డాక్టర్లు ఆయనకు రాసిన మందు ఏంటో తెలుసా? నైట్రోగ్లిజరిన్! విధి ఎంత వింతగా ఉందో అని ఆయనే ఓ ఉత్తరంలో స్నేహితుడితో పంచుకున్నారు. 1896 డిసెంబర్ 10న శాన్ రెమోలో మెదడులో రక్తస్రావమై కన్నుమూశారు. దగ్గరివాళ్లు ఎవరూ పక్కన లేరు.

ఆస్తి 3.1 కోట్ల స్వీడిష్ క్రోనార్లకు పైనే. వీలునామా చూసి బంధువుల్లో కొందరు కోర్టుకెక్కారు. స్వీడన్ డబ్బు విదేశీయులకు పోతుందని దేశంలోనూ విమర్శలొచ్చాయి. దాన్ని అమలు చేసే బాధ్యత పడిన వారిలో ముఖ్యుడు రాగ్నర్ సోల్మన్ అనే యువ ఇంజనీర్. వయసు ఇరవైల్లోనే. పారిస్‌లోని షేర్లు, బాండ్లను పెట్టెల్లో సర్ది, గుర్రపు బండిలో పెట్టుకుని, చేతిలో రివాల్వర్‌తో తరలించారాయన. లుడ్విగ్ కొడుకు ఇమ్మాన్యుయేల్ మాత్రం బాబాయి కోరికకే కట్టుబడ్డారు. అలా 1901లో తొలి బహుమతులు ఇచ్చారు. 1905లో శాంతి బహుమతి బెర్తాకి దక్కింది.

మళ్లీ సిలికాన్ దగ్గరికొద్దాం

ఆ డబ్బు తిరిగి తిరిగి సిలికాన్ దగ్గరికే చేరింది. 1956లో ట్రాన్సిస్టర్ కనిపెట్టిన బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు షాక్లీ, బార్డీన్, బ్రాటెయిన్‌లకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. విచిత్రంగా అదే బెల్ ల్యాబ్స్‌లో, అదే కాలంలో, సిలికాన్‌ని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో ఉంచి కరెంట్ పంపితే దాని పైపొర మారిపోతోందని ఆర్థర్ ఉహ్లిర్, ఇంగెబోర్గ్ ఉహ్లిర్ గమనించారు. ఆ పొరే రంధ్రాల సిలికాన్. 2000లో చిప్‌కి బాటలు వేసిన జాక్ కిల్బీకి నోబెల్ వచ్చింది. ఆ మరుసటి ఏడాదే మ్యూనిచ్‌లో సిలికాన్ పేలింది.

డైనమైట్‌కీ దీనికీ ఓ ముఖ్యమైన తేడా ఉంది. కీసెల్గూర్‌లోని సిలికా అప్పటికే ఆక్సిజన్‌తో కలిసిపోయింది కాబట్టి మండదు. అది ఊరికే మోసే సంచి లాంటిది. రంధ్రాల సిలికాన్ అలా కాదు. అక్కడ సంచే ఇంధనం. రంధ్రాల వల్ల లోపలి ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది. ఆ గోడలకు అంటుకుని ఆక్సిజన్ ఇచ్చే పదార్థం ఉంటే, చిన్న దెబ్బ తగిలినా, చిన్న వేడి తగిలినా మొత్తం ఒకేసారి అంటుకుంటుంది.

దీంతో ఏం చేస్తారు? చిప్ ఫ్యాక్టరీల్లో వాడే పద్ధతులతోనే దీన్ని తయారు చేయొచ్చు కాబట్టి, సర్క్యూట్, పేలుడు పదార్థం రెండూ ఒకే సిలికాన్ ముక్క మీద ఉండొచ్చు. చిన్న శాటిలైట్లను కొంచెం పక్కకు నెట్టడానికి అతి చిన్న రాకెట్లు, కార్లలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేలా చేసే స్విచ్, గోరంత యంత్రాలను కదిలించే శక్తి.. ఇవన్నీ పరిశోధకుల జాబితాలో ఉన్నాయి. శాన్ డియాగో టీమ్ అయితే ఆ పేలుడు వెలుగును చూసి అందులో ఏ లోహాలున్నాయో కనిపెట్టొచ్చని చూపించింది. అంటే నీళ్లలో విషపు లోహాలను అక్కడికక్కడే పట్టుకునే చిన్న పరికరం చేయొచ్చన్న ఆశ. దొంగల చేతికి చిక్కితే తనను తాను కాల్చేసుకునే చిప్ అనే ఆలోచన కూడా ఉంది. అమెరికా సైన్యం పరిశోధకులకూ దీని మీద ఆసక్తి ఉంది. అంటే ఆయుధాల వైపు దారి కూడా తెరిచే ఉంది.

ఇక్కడే నోబెల్ కథ గుర్తు పెట్టుకోవాలి. సిలికాన్‌ని పేల్చడం ల్యాబ్‌లో ఇప్పటికే సాధ్యమైంది. వద్దన్నప్పుడు పేలకుండా, ఏళ్ల తరబడి తేమకీ కుదుపుకీ చెడిపోకుండా ఉంచడమే అసలు సవాల్. 1864 సెప్టెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో ఓ అన్న ముందున్న సవాలూ ఇదే. జవాబు దొరకడానికి ఆయనకు మూడేళ్లు పట్టింది. ఆలోపు తమ్ముడితో పాటు ఎంతోమంది ప్రాణాలు పోయాయి.

అందుకే ఈ డిసెంబర్ 10న స్టాక్‌హోమ్‌లో బహుమతులు అందుకునే వాళ్లను టీవీలో చూసేటప్పుడు, ఎమిల్ నోబెల్‌ని కూడా ఒక్కసారి తలుచుకోండి. ఏ బహుమతికీ అతని పేరు లేదు. కానీ పేలుడుని అదుపు చేయాలన్న ఆ పట్టుదల వెనక అతని చావు కూడా ఉంది.